చదరంలో చొక్కా

నవంబరు 4, 2025, మంగళవారం. మధ్యాహ్నం 2 గంటలు

నరేష్‌కుమార్ ఈ ఉదయం 5.50కి చనిపోయాడు. వయసు ముప్పై మూడు. జైలు నుంచి ఆస్పత్రికి తెచ్చి నాలుగు రోజులైంది. కామెర్లు ముదిరి లివర్ ఫెయిలైందని డ్యూటీ డాక్టర్ చెప్పాడు. జీవిత ఖైదు పడి పదిహేను నెలలు. అప్పీలు హైకోర్టులో ఉంది, ఒక్కసారి కూడా వాదనకు రాలేదు.

మా పేపర్ డెస్క్ వార్తకు అరవై పదాలు అడిగింది. అరవై రెండు ఇచ్చాను. ‘వేదవతి హత్య కేసు దోషి మృతి’ అని హెడ్డింగ్ పెట్టారు.

పాత ఫైల్ తీశాను. 2023 ఫిబ్రవరి 9, గురువారం, సాయంత్రం ఏడు దాటాక. చైతన్యపురి వెనక సందులో రిటైర్డ్ టీచర్ వేదవతి మెడలో గొలుసు ఎవరో లాగి తోశారు. తల మెట్టు అంచుకు తగిలింది. రెండు రోజులకు చనిపోయింది. చూసినవాళ్లు లేరు. గొలుసు దొరకలేదు. ఉన్నదల్లా ఆమె ఉండే అపార్ట్‌మెంట్ కెమెరాలో ఒక ఫొటో. ముఖానికి కర్చీఫ్ కట్టిన మనిషి, ఒంటి మీద డిజైన్ చొక్కా. టైమ్ 7.11.52.

ఆ డిజైన్ పోచంపల్లిదని పట్టుకున్నది నేను. ఎవరి చేతిదో తెలుసుకోవడానికి నాలుగు రోజులు తిరిగాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో మడతలు పెట్టే శంకరయ్య దగ్గర తేలింది. ఒకప్పుడు నేతగాడు, ఊరు వదిలి ఇరవై ఏళ్లు. ఏ కేసో చెప్పకుండా ఫొటో చూపించాను. ఆయన సంతోషపడ్డాడు.

“గిది నా చిటికే బిడ్డా,” అన్నాడు. “పావురానికి తోక రెండు పాయలు ఎవ్వరు కట్టరు. తమ్ముని మగ్గం మీద ఒక్కటే నేసిన. మా నరేష్‌కు.”

దారానికి ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేయడమే చిటికి. ముడి కట్టిన చేతిని బట్టి బట్ట ఎవరిదో తెలుస్తుంది. నరేష్‌కుమార్ ఆయన కొడుకు. అదే షాపులో సేల్స్‌మన్. మర్నాడు నా వార్త మొదటి పేజీలో వచ్చింది. ఆ సాయంత్రమే పోలీసులు అతన్ని తీసుకుపోయారు. కోర్టులో శంకరయ్య ఆరో సాక్షి.


నవంబరు 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. ఉదయం ఎనిమిదికి అంత్యక్రియలు. శంకరయ్య నన్ను చూసి నమస్కారం పెట్టాడు.


నవంబరు 6, గురువారం

ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్. పేరు ఉపేంద్ర. నిన్నటి అరవై రెండు పదాలు చదివాడట. ఆ ఫొటో గురించి చెప్పాలన్నాడు. ఫోన్లో వద్దన్నాడు.


నవంబరు 7, శుక్రవారం. సాయంత్రం 4 గంటలు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మూడో అంతస్తు కోచింగ్ సెంటర్. ఉపేంద్ర అక్కడ డేటా సైన్స్ చెబుతాడు. నలభై ఏళ్లుంటాయి, గుంటూరు వైపు మాట. 2018 నుంచి 2023 దాకా కొత్తపేటలో ‘నేత్రలిపి’ అనే కంపెనీ నడిపాడు. చవక రకం కెమెరా రికార్డర్లు. వేదవతి అపార్ట్‌మెంట్‌లోది అదే. బొమ్మను కుదించి దాచే ప్రోగ్రాం ఇతనే రాశాడు.

“ఆ ఫొటోలో ఒక చదరం వేరే ఫొటోదండీ,” అన్నాడు.

ఎలాగో అర్థమయ్యేలా చెప్పమన్నాను. రూళ్ల నోట్‌బుక్ తీశాడు. విన్నది విన్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను.

బొమ్మ అంటే రంగు చుక్కలు. దాచాలంటే వాటిని ఒకే వరుసగా రాయాలి. మామూలుగా పుస్తకం చదివినట్టు రాస్తారు: ఎడమ నుంచి కుడికి, తర్వాత కింది లైను. అప్పుడు ఒకదాని కింద ఒకటి ఆనుకుని ఉన్న చుక్కలు కూడా వరుసలో ఐదు వందల చుక్కల దూరంలో పడతాయి. ఉపేంద్ర వాళ్లు అలా రాయలేదు. హిల్బర్ట్ కర్వ్ వాడారు. ఒకే గీత, చెయ్యి ఎత్తకుండా, మెలికల ముగ్గులా తిరుగుతూ బొమ్మలో ఒక మూలను పూర్తిగా నింపి పక్క మూలకు పోతుంది. ప్రతి చుక్క మీదుగా ఒక్కసారే వెళ్తుంది. ఆ గీత వెంట పక్కపక్కన వచ్చే చుక్కలు బొమ్మలోనూ పక్కపక్కనే ఉంటాయి. గోడ పక్కన గోడే, చొక్కా పక్కన చొక్కాయే. రంగులో తేడా తక్కువ. ఆ తేడా ఒక్కటే రాసుకుంటే చాలు. ఫైల్ మూడో వంతుకు తగ్గుతుంది. చిన్న డిస్క్‌లో నెల రోజుల ఫుటేజ్ పడుతుంది. అపార్ట్‌మెంట్లు అందుకే కొన్నాయి.

తేడాలే రాస్తే ఒక చిక్కు ఉంది. దారిలో ఒకటి పోతే దాని తర్వాతవన్నీ తప్పుతాయి. అందుకని గీతను అరవై నాలుగు ముక్కలు చేశారు, ప్రతి ముక్కా కొత్తగా మొదలవుతుంది. ఒక ముక్క పోతే నష్టం ఆ ముక్క వరకే. పుస్తకం పద్ధతిలో అయితే బొమ్మకు అడ్డంగా ఒక పట్టీ పోతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. ఈ కర్వ్‌లో ఒక ముక్క అంటే సరిగ్గా ఒక చదరం. మొదట్లో పోయిన చదరం బూడిద రంగులో కనిపించేది. షాపుల వాళ్లు కెమెరా చెడిపోయిందని వెనక్కి తెచ్చారు. 2021లో ఉపేంద్ర ఒక మార్పు చేశాడు. చదరం పోతే, డిస్క్‌లో ఉన్న చివరి బొమ్మ నుంచి అదే చదరాన్ని తెచ్చి అక్కడ పెట్టడం, అంచులు కలిసిపోయేలా నునుపు చేయడం. ఫిర్యాదులు ఆగిపోయాయి. చదరం మారిందని చూపించే గుర్తు మాత్రం ఎక్కడా పెట్టలేదు.

“గోడ పోతే గోడే వచ్చి కూర్చుంటుంది అనుకున్నామండీ,” అన్నాడు. “మనిషి పోతే ఏమొస్తుందో ఆలోచించలేదు.”

ఎప్పుడు గమనించావని అడిగాను. 2023లోనే, టీవీలో ఫొటో చూసినప్పుడే అన్నాడు. పైనున్న కంపెనీ పట్టీ చూసి తమ రికార్డరేనని తెలిసింది, భుజం దగ్గర అంచు చూసి అనుమానం వచ్చింది. అప్పుడు కంపెనీని కొనడానికి ఇద్దరు వచ్చి ఉన్నారట. తర్వాత శిక్ష పడిందని పేపర్లో చూసి, అప్పీలులో తేలుతుందిలే అనుకున్నాడట.

అది కూడా రాసుకున్నాను. రాసుకోమన్నాడు.


నవంబరు 8, శనివారం

లాయర్ సంతోషిని ఎల్.బి.నగర్‌లో ఆమె ఆఫీసులో కలిశాను. నరేష్ అప్పీలు వేసింది ఆమే. అప్పీలు చేసిన మనిషి చనిపోతే అప్పీలు కూడా పోతుంది, శిక్ష అలాగే నిలిచిపోతుంది అని చెప్పింది. ఒక్క దారి ఉంది. తల్లి, తండ్రి, భార్య, పిల్లలు, తోబుట్టువులు, వీళ్లలో ఎవరైనా చనిపోయిన ముప్పై రోజుల్లోగా, మేము నడిపిస్తాం అని హైకోర్టును అడగాలి. డిసెంబరు 4 ఆఖరు.

ఉపేంద్ర చెప్పిందంతా చెప్పాను. మాటలు చాలవంది. పోలీసులు కోర్టుకు ఇచ్చింది మామూలు ఫొటో. రికార్డర్ రాసిన అసలు ఫైల్ కావాలి. రికార్డర్‌ను అపార్ట్‌మెంట్ వాళ్లు పోయినేడు పాతసామాన్ల కింద ఇచ్చేశారు.

“ఫైల్ దొరుకుతే చాలా మేడం? సంతకం ఎవరు పెడ్తరు?” అంది. “తండ్రే పెట్టాలె. ఆయన మాట మీదనే శిక్ష పడ్డది. ఆయన లేకుండ పోతే జడ్జి అడిగే మొదటి ప్రశ్న అదే.”


నవంబరు 10, సోమవారం

నరేష్ కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం మళ్లీ చదివాను. ఆ సందులోంచి వెళ్లానని తనే ఒప్పుకున్నాడు. ‘నేను సందులో ఉండగా కరెంటు పోయింది. ఫోన్ లైట్ వేసుకుని రోడ్డు మీదికి పోయాను.’ ఆ రోజు నా రిపోర్టులో ‘నిందితుడు పొంతన లేని సమాధానాలు ఇచ్చాడు’ అని ఉంది.


నవంబరు 11, మంగళవారం

అసలు ఫైల్ ఉంది. రామమోహనరావు గారి దగ్గర. వేదవతి భర్త. డెబ్బై రెండేళ్లు, రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరు. అప్పట్లో అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా ఆయనే. పోలీసులకు ఫొటో తీసిచ్చిన రోజే ఫైల్‌ను కంపెనీ ప్లేయర్‌తో సహా తన కంప్యూటర్‌లో కాపీ చేసుకున్నారు.

కాఫీ ఇచ్చారు. చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. కర్వ్ గురించి రెండు ప్రశ్నలు వేశారు, రెండూ సరైన ప్రశ్నలే. ఆ తర్వాత ఫైల్ ఇవ్వనన్నారు.

“మూడు సెకన్లండీ అది. రోజూ చూస్తాను,” అన్నారు. “వాడు వీడు కాదని మీరంటే, రేపటి నుంచి నేనెవర్ని చూడాలి?”

కాఫీ బాగుందని చెప్పి వచ్చేశాను.


నవంబరు 13, గురువారం

సబ్‌స్టేషన్ లాగ్‌బుక్. 2023 ఫిబ్రవరి 9. ఆ సందుకు కరెంటు ఇచ్చే ఫీడర్ ట్రిప్ అయింది: 7.04. తిరిగి వచ్చింది: 7.11. కరెంటు వచ్చాక తమ రికార్డర్ లేవడానికి నలభై సెకన్లు పడుతుందని, లేవగానే రాసే బొమ్మలో ముక్కలు పోవడం మామూలేనని ఉపేంద్ర చెప్పాడు.

ఫొటో టైమ్ 7.11.52. అంటే అది రికార్డర్ లేచాక పడ్డ మొదటి బొమ్మ. అంతకు ముందు డిస్క్‌లో చివరిది 7.04కు, కరెంటు పోయిన క్షణంలో సందులో ఎవరున్నారో వాళ్లది.


నవంబరు 15, శనివారం

నిన్న పదకొండో రోజు. ఇవాళ గడ్డిఅన్నారం వెళ్లాను. పాత పండ్ల మార్కెట్ వెనక రెండు గదులు. శంకరయ్య చాప మీద కూర్చున్నాడు. ఆయన భార్య అంజమ్మ వంటింట్లో ఉంది. తీర్పు వచ్చిన రోజు నుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెడుతుంది, పళ్లెం శబ్దం చేసి వెళ్లిపోతుంది.

కరెంటు సంగతి, ముప్పై రోజుల సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బట్ట తనదే అన్నాడు. నాది కాదని కోర్టులో ఎట్ల చెప్త అన్నాడు. కాదని చెప్పమనడం లేదన్నాను. మరి ఇంకేం చెప్పాలె అన్నాడు.

నేను మాటలతో చెప్పాను. కర్వ్, చదరం, మొదటి బొమ్మ. ఆయన మర్యాదగా విన్నాడు. ఇరవై మూడేళ్లుగా మనుషులతో మాట్లాడే పని నాది. నమ్మని మనిషి ఎలా వింటాడో తెలుసు.

జైలు ములాఖత్ వివరాలు సంతోషి తీయించింది. ముప్పై మూడు నెలల్లో అంజమ్మ నలభై ఒక్కసారి. నరేష్ భార్య సుచిత్ర పన్నెండుసార్లు. శంకరయ్య ఒక్కసారీ లేదు.


నవంబరు 18, మంగళవారం

సుచిత్ర సంతకం చేయనంది. కూతురిని కర్మన్‌ఘాట్ దగ్గర కొత్త స్కూల్లో వేసింది, అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు, అలాగే ఉండనీయమంది. కోపంగా చెప్పలేదు. బస్టాప్ దాకా వచ్చి సాగనంపింది.


నవంబరు 19, బుధవారం

శిక్ష పడ్డ మనిషి చనిపోయాడు. చంపిన మనిషి ఎవరో తెలియదు. పేపర్లో వచ్చినంతవరకు కేసు ముగిసింది.


నవంబరు 21, శుక్రవారం. ఉదయం 9 గంటలు

రామమోహనరావు గారు ఫోన్ చేశారు. వస్తూ పెన్‌డ్రైవ్ తెచ్చుకోమన్నారు, ఆయన దగ్గరున్నది చిన్నదట.

వెళ్లేసరికి కంప్యూటర్ ఆన్ చేసి ఉంది. పది రోజులుగా మూడు సెకన్లూ చూడటం లేదట, మొదటి బొమ్మ దగ్గరే ఆపి చూస్తున్నారట. భుజం దగ్గర వేలు పెట్టి చూపించారు. సైట్‌లో కాంక్రీటు రెండు విడతలుగా పోస్తే మధ్యలో అతుకు తెలుస్తుంది, ఎంత నున్నగా చేసినా తెలుస్తుంది, ఇన్నాళ్లూ నేను మనిషిని చూశాను, అతుకు చూడలేదు అన్నారు.

కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్ తీసుకున్నాను. వేదవతి గారు లెక్కల టీచరని వెళ్లేటప్పుడు చెప్పారు. నాకది తర్వాతే తెలిసింది. వార్తలో తెలుగు టీచరని రాశాను. ఆయన సరిచేయమని ఎప్పుడూ అడగలేదు.


నవంబరు 22, శనివారం

ఉపేంద్ర తన పాత ప్రోగ్రాంలో పూరించే భాగాన్ని ఆపేసి ఫైల్‌ను తెరిచాడు. సెకనుకు రెండు బొమ్మలు, మొత్తం ఆరు. రెండో దానిలో మనిషి అప్పటికే అంచు దాటాడు, ఒక కాలు మాత్రమే ఉంది. మిగతావాటిలో గోడ, ఒక చెప్పు, స్కూటర్ నీడ.

మొదటిదానిలో మనిషి ఉన్నాడు. కర్చీఫ్ కట్టిన ముఖం, చేతులు, కాళ్లు. మెడ కింద నుంచి నడుము దాకా బూడిద రంగు చదరం.

పూరించడానికి దాచుకున్న 7.04 బొమ్మ కూడా ఫైల్లో ఉంది, మామూలు ప్లేయర్‌లో అది కనిపించదు. అందులో అదే పావురాల చొక్కాతో నరేష్ ఉన్నాడు. ముఖానికి ఏమీ లేదు. చేతిలో టిఫిన్ బాక్స్. ఆ సందులో డ్రైనేజీ మూత పక్కగా ఒక్క మనిషి నడిచే దారే ఉంది. ఎవరు నడిచినా ఆ చదరంలోంచే పోవాలి.

ఉపేంద్ర ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి సేవ్ చేశాడు. అఫిడవిట్ ఇస్తానన్నాడు. 2023లోనే గమనించానన్న మాట కూడా రాయాలన్నాను. సరేనన్నాడు.


నవంబరు 24, సోమవారం

మా ఫొటో సెక్షన్ ఆర్కైవ్ వెతికాను. 2023లో పోలీసులు మాకు పంపింది పూర్తి ఫొటో. రెండు కాలమ్‌లలో పట్టదని చొక్కా వరకు క్రాప్ చేశారు. నేను శంకరయ్యకు చూపించింది ఆ క్రాప్. కోర్టులో ఆయనకు చూపించింది పూర్తి ఫొటోకు నలుపు తెలుపు జిరాక్స్. రంగుల్లో పూర్తి బొమ్మను ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఎడిటర్ సాంబమూర్తి గారికి చెప్పాను. ఇద్దరం కలిసి పనిచేయబట్టి పదేళ్లు. పేపర్లో సవరణ వేయడం గురించి కోర్టు తేల్చాక చూద్దామన్నారు. నేను అఫిడవిట్ ఇస్తే ఇక ఆ బీట్, అంటే క్రైమ్ వార్తలు, రాయకూడదన్నారు. కోర్టులో సాక్షిగా నిలబడ్డవాళ్లు ఆ వార్తలు రాయకూడదు, అది సరైన రూలే. అఫిడవిట్ ఇస్తానని చెప్పాను.


నవంబరు 27, గురువారం

ఏడు రోజులున్నాయి. శంకరయ్య ఫోన్ ఎత్తడం లేదు.


నవంబరు 29, శనివారం. ఉదయం 11 గంటలు

ఈసారి మాటలు తీసుకుపోలేదు. రెండు పెద్ద ప్రింట్లు తీసుకుపోయాను. ఒకటి మా క్రాప్, రెండోది పూర్తి రంగుల ఫొటో. బూడిద చదరం ఉన్నది సంచిలోనే ఉంచాను.

శంకరయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ముందు క్రాప్ చూశాడు, పక్కన పెట్టాడు. పూర్తి ఫొటో తీసుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు. నేతగాళ్ల అలవాటు, చిటికి బట్ట రెండు వైపులా ఒకేలా ఉండాలి. కాగితం వెనక తెల్లగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పాడు.

ఆయన బొటనవేలు భుజం దగ్గర ఆగింది.

“చేతికి చిటికి లేదు,” అన్నాడు.

ప్రింట్‌ను వెలుతురు వైపు జరిపాడు.

“నేను చేతులకు గూడ నేసిన. భుజం కుట్టు కాడ పావురం సగం ఇటు సగం అటు వస్తది. గీడ సగమే ఉన్నది. మిగిలిన సగం ఏది?”

వేలు కిందికి జరిగింది. నడుము దగ్గర ఆఖరి వరుస లేదన్నాడు. అక్కడ సాదా గుడ్డ ఉందన్నాడు. తాను ఏ వరుసా వదిలిపెట్టలేదన్నాడు. ఇది తన బట్టే, కానీ ఇది చొక్కా కాదు అన్నాడు.

అప్పుడు సంచిలోంచి మూడో ప్రింట్ తీశాను. చదరం సరిగ్గా ఆయన వేలు ఆగిన చోట మొదలై, ఆగిన చోట ముగిసింది. ఆయన చూసి, నేను ఊహించని ప్రశ్న అడిగాడు. బొమ్మను దారం లెక్క దాస్తరని మొన్న నువ్వే చెప్పినవు గద అన్నాడు.

“పేకలో దారం తెగి వేరేది కలుస్తే బట్టకు అడ్డం గీత పడ్తది. నలభై ఏండ్లు చూసిన. డబ్బా ఎట్ల పడ్డది?”

కోర్టులో ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. నోట్‌బుక్ తీసి ఉపేంద్ర నేర్పినట్టు కర్వ్ గీశాను. నాలుగు చుక్కలు, తర్వాత పదహారు, తర్వాత అరవై నాలుగు. సగంలో ఆయన పెన్ను తీసుకున్నాడు. మిగతా మలుపులు తనే తిప్పాడు. ఒక్కచోట తప్పాడు, తనే కనుక్కుని కొట్టేశాడు. మగ్గం మీద ఎక్కించే ముందు మేకుల చుట్టూ దారం పోసినట్టే ఉంది, కాకపోతే ఇది ఒక మూల నిండనిదే రెండో మూలకు పోదు అన్నాడు. కొద్దిగా దారం పోతే ఒక మూల మొత్తం పోతుంది అన్నాడు. పెన్ను కింద పెట్టాడు.

“నన్ను మనిషి సంగతి ఎవ్వరు అడగలే,” అన్నాడు. “బట్ట సంగతే అడిగిన్రు. నేను గూడ మనిషిని అడగలే.”

వంటింటి గడపలో అంజమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

“నేను అడిగిన,” అంది. నాతో కాదు, ఆయనతో. “పోయిన ప్రతిసారి అడిగిన. ఒక్కటే చెప్పిండు. కరెంటు పోయిందమ్మా, నేను ఇంటికొచ్చిన అని.”

ఆమె వెనక్కి వెళ్లి కుక్కర్ దించింది.

సంతకం గురించి నేను అడగలేదు. వెళ్లేటప్పుడు ఆయనే ఆ సందు చూడాలన్నాడు.


డిసెంబరు 1, సోమవారం. సాయంత్రం 7 గంటలు

శంకరయ్య, అంజమ్మ, నేను. చైతన్యపురి మెట్రో నుంచి నడిచాం. సందు అడ్డంగా ఏడడుగులు. ఆయన డ్రైనేజీ మూత పక్కన నిలబడి కెమెరా ఉన్న వైపు చూశాడు. ఇప్పుడక్కడ వేరే కెమెరా ఉంది.

రామమోహనరావు గారు మెట్ల మీదికి వచ్చారు. వీళ్లెవరో చెప్పాల్సిన అవసరం రాలేదు. లోపలికి వెళ్లి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి బయట వేశారు. వాళ్లు కూర్చున్నారు. ఆయన మెట్టు మీదే నిలబడ్డారు. తర్వాత అంజమ్మ లేచి, “పోతం అన్నా,” అంది. జాగ్రత్తమ్మా, అక్కడ లైటు లేదు అన్నారాయన.


డిసెంబరు 3, బుధవారం. సాయంత్రం 5 గంటలు

ఫైల్ చేశాం. 3.40కి. ఒక రోజు మిగిలింది.

ఉదయం సంతోషి ఆఫీసులో గంటన్నర పట్టింది. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి: ఉపేంద్ర అఫిడవిట్, లాగ్‌బుక్ నకలు, ఆరు బొమ్మలు, 7.04 బొమ్మ, నా అఫిడవిట్. శంకరయ్యది చదివి వినిపించారు. మొత్తం విన్నాక ఒక మాట కలపమన్నాడు. సంతోషి వద్దంది. దాన్ని అవతలి వకీలు పట్టుకుంటాడు, తండ్రే కొడుకును అనుమానించాడని చెప్తాడు, మనకు నష్టం అని వివరంగా చెప్పింది.

“అది లేకుంటే సంతకం పెట్ట,” అన్నాడు.

తొమ్మిదో పేరాగా టైప్ చేశారు. ‘నేను బట్టను గుర్తుపట్టాను. అది నాదే. దానిని వేసుకున్నది ఎవరని నేను చూడలేదు. నా కొడుకు బతికి ఉండగా అతనిని ఒక్కసారి కూడా అడగలేదు.’

ప్రతి పేజీ మీద సంతకం పెట్టాడు. పదకొండు పేజీలు. చివర అంజమ్మ కూడా పెట్టింది. పెన్ను ఆయన చేతిలోంచే తీసుకుంది.

ఆఫీసుకు వచ్చి బీట్ అప్పగించాను.


డిసెంబరు 5, శుక్రవారం

మా పిటిషన్‌కు నంబరు పడింది. సోమవారం ఉదయం 10.30, లిస్టులో ముప్పై నాలుగోది. అప్పీలుదారు పేరు ఎదురుగా ‘మృతుడు’, దాని కింద ‘తండ్రి ద్వారా’ అని టైప్ చేసి ఉంది. శంకరయ్యకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. ఎనిమిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర కలుస్తాం.